అన్నని ఇంట్లో పెట్టుకోలేను, ఫుట్‌పాత్ మీద చూడలేను

ఈ వారం ఉత్తరం రాసినామె పేరూ ఊరూ చెప్పొద్దన్నారు. ఉత్తర తెలంగాణలో ఒక పల్లె, పెళ్ళయ్యాక హైదరాబాద్. రెండు గదుల పోర్షన్‌లో భర్త, ఆరేళ్ళ బాబుతో ఉంటున్నారు, బట్టల షాపులో బిల్లింగ్ చేస్తారు. ఉత్తరం ఆరు పేజీలు, సగం దాకా వాళ్ళ అన్న గురించే. నాన్న చిన్నప్పుడే పోతే ఆ అన్నే దుబాయ్ వెళ్ళి షట్టరింగ్ పని చేసి ఈమెని డిగ్రీ దాకా చదివించాడు, పెళ్ళి చేసాడు, ఏటా బతుకమ్మకి చీర పంపేవాడు. 2020లో అక్కడి కంపెనీ మూతపడి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వీసాకి, ఇంటికి, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పుల మీద మిత్తి పెరిగింది, పొద్దున కల్లుతో మొదలై రాత్రి క్వార్టర్ దాకా వచ్చింది, భార్య ఇద్దరు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది, ఒకరోజు ఇతను కూడా కనపడకుండా పోయాడు. రెండేళ్ళ తర్వాత మొన్న దసరా ముందు ఊరివాళ్ళెవరో నాంపల్లి స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద చూసామని ఫోన్ చేస్తే ఈమె పరిగెత్తుకెళ్ళారు. గడ్డం, మాసిన బట్టలు, కుడికాలికి పుండు, దానికి గుడ్డ చుట్టి ఉంది. ఈమెని చూసి ముందు మొహం తిప్పుకున్నాడట, తర్వాత "నేను మంచిగనే ఉన్న చెల్లె, నువ్వు పో" అన్నాడట.

ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నారు. మొదటి రోజు స్నానం, అన్నం, నిద్ర. రెండో రోజు చేతులు వణుకు, చెమటలు, ఒకటే చిరాకు. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని లేచి కూర్చున్నాడు, బాబు భయపడి ఏడ్చాడు. నాలుగో రోజు తెల్లారేసరికి మనిషి లేడు, బ్యాగులో 2,300 రూపాయలు కూడా లేవు. భర్త "ఇక ఈ గడప తొక్కనివ్వను" అన్నారు. ఊళ్ళో అమ్మ రోజూ ఫోన్ చేసి "నీకు ఇంత చేసినోడ్ని రోడ్డు మీద పడేసినవా" అంటుంది. తెలిసినవాళ్ళు ఒక డీఅడిక్షన్ సెంటర్ నంబర్ ఇస్తే, నెలకి 15,000 కట్టండి, నలుగురు మనుషులతో బండి పంపి ఎత్తుకెళ్తాం, 45 రోజులు మాత్రం ఎవరూ చూడ్డానికి రావద్దు అన్నారట. షాపులో పనిచేసే ఇంకొకామె, మున్సిపాలిటీ నైట్ షెల్టర్లు ఉంటాయి కదా అందట. "చెల్లెలు ఉండి కూడా అన్నని అనాథల్లో వేసింది అంటారు, నేనేం చెయ్యాలి?" అని అక్కడితో ఉత్తరం ఆపేసారు.

తల్లీ, ముందు ఆ నాలుగు రోజుల గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరూ ఇప్పుడు మాట్లాడుతున్న ప్రతి మాటా ఆ నాలుగు రోజుల మీదే నిలబడి ఉంది. మీవారు దాన్ని దొంగతనంగా చూస్తున్నారు, మీరు "నేను పెట్టిన అన్నం కూడా వాడికి పట్టలేదు" అని రాసారు. నాకైతే అది చదువుతుంటే భయమేసింది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజుల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి, రెండు రోజుల లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజులు దాటాక లేనివి కనపడటం, పురుగులు పాకుతున్నట్టు అనిపించడం, ఎక్కడున్నాడో కూడా తెలియకపోవడం జరుగుతుంది. మీరు రాసిన వరసే అది. డాక్టర్ చేతిలో లేకపోతే ప్రాణం పోయే పరిస్థితి కూడా అదే. మీ ఇంట్లో మందు లేదు సరే, మందు మానేటప్పుడు వెయ్యాల్సిన మందు కూడా లేదు కదా తల్లీ. మీకు తెలియదు, అది మీ తప్పు కాదు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారి మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్ళే వందల మంది వచ్చారు. పైగా మీ అన్న కల్లుతో మొదలుపెట్టాడన్నారు, మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారని మీకూ తెలిసే ఉంటుంది, అవి హఠాత్తుగా ఆగినా ఇదే గోల, ఇంకా ఎక్కువ కూడా.

డబ్బులు తీసుకెళ్ళడం మంచి పని అని నేను అనట్లేదు. ఆ తెల్లవారుజామున అతని ఒంటికి కావాల్సింది ఏంటో అది వెతుక్కుంటూ వెళ్ళాడు, అంతే. మీవారికి ఇది కోపం లేని టైం చూసి చెప్పండి, అన్నని వెనకేసుకొచ్చినట్టు కాకుండా, ఆ రాత్రి మన ఇంట్లో ఒక పేషెంట్ ఉన్నాడు, మనకి తెలియలేదు అని చెప్పండి. ఆయన వింటారో లేదో నాకు తెలియదు కానీ మీకైనా ఆ మాట అవసరం.

అలాగని మళ్ళీ ఇంటికి తెచ్చుకోండి అని నేను చెప్పను. తెచ్చుకోవచ్చు, అది ఒక దారే, కానీ ఏం జరుగుతుందో తెలిసి తెచ్చుకోవాలి. మీరూ మీవారూ పొద్దున 9కి వెళ్తే రాత్రి 9కి వస్తారు, మధ్యలో స్కూల్ నుంచి వచ్చిన బాబు, మీ అన్న, ఆ రెండు గదులు. ట్రీట్‌మెంట్ జరగకుండా వస్తే ఆ మూడో రాత్రే మళ్ళీ వస్తుంది. మీవారు గడప తొక్కనివ్వను అన్నది కఠినంగానే ఉంది, కానీ అందులో బాబు గురించిన భయం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యకండి. ఆయన అన్న మాటలో మీరు పట్టుకోవాల్సిన కొస ఒకటి ఉంది, ఇంటికి వద్దు అన్నారు గానీ అన్నని కలవొద్దు అనలేదు. మీ ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, ఎక్కడా ఆయన ఆ మాట అనలేదు. ఇంట్లో పెట్టుకోకపోతే వదిలేసినట్టే అని మీరే రెండిటినీ ఒకటి చేసేసుకున్నారు. అమ్మ కూడా అదే చేస్తోంది.

ఊరికి, అమ్మ దగ్గరికి పంపడం గురించి మీరు ఒక్క వాక్యమే రాసారు కానీ అమ్మ మనసులో ఉన్నది అదేనని తెలుస్తోంది. ఆ ఊళ్ళో అప్పులవాళ్ళున్నారు, కల్లు దుకాణం ఉంది, "దుబాయ్ పోయి వచ్చి ఇట్లయిండు" అనే నోళ్ళున్నాయి. అతను పారిపోయింది వాటి నుంచే. ఒంట్లో బాగుపడి, అప్పుల సంగతి పెద్దమనుషుల్లో కూర్చుని తేలిస్తే ఎప్పటికైనా ఊరు మంచిదే, ఇప్పుడు మాత్రం అరవై దాటిన అమ్మ ఒక్కతే ఆ వణుకుల్ని, ఫిట్స్‌ని చూసుకోవాల్సొస్తుంది.

ఇక ఆ బండి పంపుతామన్న సెంటర్. ఇక్కడ నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. అన్ని సెంటర్లూ చెడ్డవి కావు, మంచి సెంటర్లో బాగుపడినవాళ్ళని నేను చూసాను. కానీ మనిషిని చూడకుండా, డాక్టర్ పరీక్ష లేకుండా, ఫోన్‌లోనే "ఎత్తుకెళ్తాం, 45 రోజులు రావద్దు" అన్నవాళ్ళ దగ్గరికి మాత్రం పంపకండి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకి కూడా వర్తిస్తుంది, ఆ చట్టం కింద సెంటర్ రిజిస్టర్ అయ్యుండాలి. పేషెంట్ ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు, అందులో ఒకరు సైకియాట్రిస్ట్, విడివిడిగా పరీక్ష చేసి అవసరం అని రాయాలి, అది కూడా మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టెయ్యడం పూర్తిగా నిషేధం. మీరు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా వారానికోసారా అడగండి, ముందు నేనొచ్చి లోపల చూస్తాను అనండి, ఇంకేం అడగక్కర్లేదు, వాళ్ళు తటపటాయిస్తే చాలు అర్థమైపోతుంది. ఒక తెలిసినవాళ్ళ కుటుంబంలో ఇలాగే నలుగురు పట్టుకుని బండిలో వేసుకెళ్ళారు, మూడు నెలలు తాగలేదు నిజమే, బయటికి వచ్చిన రోజే తాగాడు, అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే ఆ తర్వాత వాళ్ళక్కని చూస్తే పారిపోయేవాడు, మళ్ళీ దగ్గరికి రావడానికి ఏడాది పట్టింది. మీ అన్నకి ఇప్పుడు ఈ ఊళ్ళో ఉన్న ఒకే మనిషి మీరు. మీ మీద ఆ నమ్మకం పోతే 15,000 పోయినదాని కంటే ఎక్కువ పోయినట్టు.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఫ్రీ డీఅడిక్షన్ సెంటర్లు కూడా ఉంటాయి, వాటి వివరాలకి 14446 కి చేస్తే చెప్తారు, ఫ్రీ నంబరే. మనసు బాగోనప్పుడు మాట్లాడ్డానికి 14416, టెలి మానస్, అందులో తెలుగులో మాట్లాడతారు. అది మీ అన్నకే కాదు, రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదని రాసారు కదా, మీకు కూడా.

ఇప్పుడు షెల్టర్ సంగతి, మీరు సిగ్గుపడుతున్న విషయం. నేను కొన్నాళ్ళు ఆదివారాలు ఒక మగవాళ్ళ షెల్టర్‌కి వెళ్ళేదాన్ని కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అది అనాథాశ్రమం కాదు. ఒక పెద్ద హాలు, వరసగా పరుపులు, గోడకి చార్జింగ్ పాయింట్లు, వాటి చుట్టూ ఎప్పుడూ నలుగురైదుగురు, వెనక బాత్రూములు, గేటు దగ్గర రిజిస్టర్, ఒక కేర్‌టేకర్. పొద్దున్నే చాలామంది పనికి వెళ్ళిపోతారు, లేబర్ అడ్డాకి, ఫంక్షన్ హాల్ క్యాటరింగ్‌కి, వాచ్‌మన్ డ్యూటీకి. ఊళ్ళో తల్లికి నెలనెలా డబ్బులు పంపేవాళ్ళు, కూతురి ఫీజు కట్టేవాళ్ళు ఆ హాల్లో ఉండేవారు. 2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేల పైన తేలారు, వాళ్ళందరికీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేరా చెప్పండి. 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకి ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ తెరిచి ఉండాలని చెప్పింది, తర్వాత 2013లో పట్టణ జీవనోపాధి మిషన్‌లో దీన్ని పథకంగా పెట్టారు, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలని, ఆధార్, రేషన్ లాంటివి ఇప్పించడంలో కూడా సాయపడాలని రాసారు. రాసినదంతా జరుగుతోందా అంటే లేదు. హైదరాబాద్ కార్పొరేషన్ జనాభా 2011కే 67 లక్షలు, ఆ లెక్కన 67 షెల్టర్లు కావాలి, అన్ని లేవు. ఉన్నవి కూడా ఒకలా ఉండవు, కొన్ని శుభ్రంగా ఉంటాయి, కొన్నిట్లో నల్లులు, చలికాలం నిండిపోతాయి, పెద్దాసుపత్రుల దగ్గరున్నవి ముఖ్యంగా పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళ కోసం.

మీరు తెలుసుకోవాల్సిన ఇబ్బంది ఇంకోటి ఉంది, తాగి వస్తే చాలా షెల్టర్లలో లోపలికి రానివ్వరు, కేర్‌టేకర్ తప్పేం లేదు, అక్కడ ఇంకో నలభై మంది పడుకోవాలి. అందుకే మీ అన్నని నేరుగా నాంపల్లి ఫుట్‌పాత్ నుంచి షెల్టర్‌కి తీసుకెళ్తే రెండో రాత్రే బయటికి వచ్చేస్తాడు. ముందు మానెయ్యి, తర్వాత నీకు చోటు అనే పద్ధతిలో ఉన్న ఇరకాటం ఇదే, రోడ్డు మీద చలికి, దోమలకి, పోలీసుల లాఠీకి తట్టుకోవడానికే చాలామంది తాగుతారు, రోడ్డు మీద ఉంటూ మానడం ఎవరి వల్ల అవుతుంది. 1992లో న్యూయార్క్‌లో కొందరు దీన్ని తిరగేసి చూసారు, తాగుడు మానాలనే షరతు పెట్టకుండా ముందు అద్దె ఇల్లు ఇచ్చి, డాక్టర్లని, సాయం చేసేవాళ్ళని ఆ ఇంటికే పంపారు, ఎక్కువమంది ఆ ఇళ్ళలోనే నిలబడ్డారు, తర్వాత కెనడాలో అయిదు నగరాల్లో పెద్ద ఎత్తున చేసినా అలాగే తేలింది. దీన్ని చూపించి అమ్మ "అయితే నీ ఇంట్లోనే పెట్టుకో" అంటుందేమో, కానీ వాళ్ళు ఇచ్చింది అతనికి సొంతంగా తాళం ఉన్న గది, వెనకాల రోజూ పలకరించే టీమ్. చెల్లెలి హాల్లో సోఫా కాదు. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి ఉన్నవాటినే ఒకదాని పక్కన ఒకటి అతికించుకోవాలి.

అతికించడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, నా ఉద్దేశంలో ఆ కాలి పుండు దగ్గర. మీరు దాని గురించి అలా ఒక ముక్క రాసి వదిలేసారు. తాగుడు మానేద్దాం రా అంటే మీ అన్న రాడు, ఇల్లు అంటే అస్సలు రాడు, ఆ డబ్బుల మొహమాటం ఉంది. కాలు చూపిద్దాం రా అంటే వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే నొప్పి అతనిది. ఉస్మానియా అయినా గాంధీ అయినా తీసుకెళ్ళండి. ఫుట్‌పాత్ మీద పుండు మానదు, షుగర్ ఉంటే మరీ ప్రమాదం. ఓపీలో డాక్టర్‌కి సిగ్గుపడకుండా చెప్పండి, రోజుకి ఎంత తాగుతాడు, కల్లు ఉందా, చివరిసారి ఎప్పుడు తాగాడు, మా ఇంట్లో మూడో రోజు ఇలా అయింది అని. అది చెప్పకపోతే పుండు కోసం వార్డులో చేర్చుకున్నాక అక్కడే వణుకు మొదలవుతుంది, సెలైన్ పీక్కుని వెళ్ళిపోతాడు, మనవాళ్ళు పేషెంట్ పారిపోయాడు అని రాసుకుంటారు. చెప్తే తాగుడు ఆపినప్పటి మందులు, విటమిన్ బీ1 ఇంజెక్షన్ ముందు నుంచే మొదలుపెడతారు, సైకియాట్రీ వాళ్ళని పిలిపించమని మీరే అడగండి. ఒకవేళ దగ్గు ఉంటే కఫం పరీక్ష కూడా చేయించండి, టీబీ అయితే మందులు ఫ్రీ. అక్కడి నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి రాసిచ్చినా భయపడకండి, అక్కడికి పోతే పిచ్చోడు అంటారని అమ్మ అనొచ్చు, అననివ్వండి. ఇల్లు లేనివాళ్ళకి, తెల్లకార్డు చేతిలో ఉన్నా లేకపోయినా పేదవాళ్ళకి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఒక్క రూపాయి లేకుండా చెయ్యాలని నేను చెప్పిన ఆ 2017 చట్టంలోనే ఉంది.

డిశ్చార్జ్ రోజు మాత్రం ముందే అనుకుని పెట్టుకోవాలి, అన్నీ చెడిపోయేది ఆ రోజే. వార్డులో పది రోజులున్నాక తాగకుండా, కాలికి కట్టుతో బయటికి వస్తాడు, ఆ సాయంత్రం ఎక్కడ పడుకుంటాడు? షెల్టర్ అప్పుడు పనికొస్తుంది. ముందే వెళ్ళి కేర్‌టేకర్‌తో మాట్లాడండి, మా అన్న ఫలానా రోజు డిశ్చార్జ్ అవుతాడు, తాగట్లేదు, మందులున్నాయి, నా ఫోన్ నంబర్ ఇది అని రాయించండి. వెనకాల ఒక మనిషి ఉన్నారని తెలిస్తే వాళ్ళూ వేరేగా చూస్తారు, ఇది నేను కళ్ళారా చూసింది. అమ్మ దగ్గర పాత ఆధార్ జిరాక్స్ ఉంటే తెప్పించండి, లేకపోతే ఆధార్ సెంటర్లో వేలిముద్రతో తీయించొచ్చు. కొన్ని వారాలు తాగకుండా నిలబడ్డాక నలుగురు కలిసి ఉండే రూమ్‌లో ఒక చోటు, లేదా ఉండటానికి గది ఇచ్చే వాచ్‌మన్ పని, అలా ఆలోచించొచ్చు. షట్టరింగ్ మేస్త్రీ చేతిలో పని పోదు, కాకపోతే రోజు కూలీ చేతికి వచ్చే సాయంత్రాలు అతనికి ప్రమాదం, నెల జీతం పని దొరికితే మంచిది.

మధ్యలో మళ్ళీ తాగుతాడు. తాగకపోతే సంతోషం, కానీ తాగుతాడనే అనుకుని ఉండండి, ఒకసారి కాకపోతే రెండుసార్లు. షెల్టర్ నుంచి పంపిచ్చేస్తారు, మళ్ళీ నాంపల్లి. అప్పుడు మీవారు "చెప్పానా" అంటారు. మీరు అప్పుడు చెయ్యాల్సింది కొత్తగా ఏం ఉండదు, మళ్ళీ అదే ఓపీ, అదే మాట.

డబ్బు విషయం. చేతికి క్యాష్ ఇవ్వకండి, కోపంతో కాదు, ముందే చెప్పి ఇవ్వకండి. మందులు మీరు కొనండి, చెప్పులు కొనండి, 5 రూపాయల భోజనం క్యాంటీన్ దగ్గర కలిస్తే ఇద్దరూ కలిసి తినండి. ఆ 2,300 గురించి మీరుగా ఎత్తకండి, ఎప్పుడో అతనే ఎత్తుతాడు. నెలకి ఎంత పెట్టగలరో మీవారితో కూర్చుని ఒక లెక్క అనుకోండి, వెయ్యి అయితే వెయ్యి. ఆయనకి తెలియకుండా మాత్రం పెట్టకండి, అది బయటపడిన రోజు ఉన్న ఈ కాస్త దారి కూడా మూసుకుపోతుంది.

అమ్మకి అబద్ధం చెప్పొద్దు. అన్న ఇంట్లోనే ఉన్నాడు అని చెప్పేద్దామా అని రాసారు, వద్దు. ఇంట్లో ఉంచితే చచ్చిపోయేవాడమ్మా, అందుకే ఆసుపత్రి చూస్తున్నా అని చెప్పండి, మోటుగా ఉన్నా సరే, నిజమే కదా. తర్వాత అన్న దగ్గరికి వెళ్ళినప్పుడు మీ ఫోన్ నుంచే ఇద్దర్నీ మాట్లాడించండి. మీరెంత చెప్పినా తగ్గని కోపం కొడుకు గొంతు రెండు నిమిషాలు వింటే తగ్గొచ్చు. వదినకి కూడా, తిరిగి రమ్మని కాదు, బతికే ఉన్నాడని ఒక కబురు పంపండి, ఆ పిల్లలకి తండ్రి ఎక్కడున్నాడో తెలియాలి.

ఈ ఆదివారం వెళ్తానని రాసారు. బాబుని తీసుకెళ్ళకండి, మొదటిసారి ఒక్కరే వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, అప్పటికి ఇంకా ఎక్కువ తాగి ఉండడు. అతను స్పృహలో లేకపోయినా, ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా ఇంకేం ఆలోచించకుండా 108 కి చెయ్యండి. మామూలుగా ఉంటే పక్కన కూర్చుని టీ తెప్పించండి, ఇంటి గురించి, తాగుడు గురించి ఏం అనకండి, గుడ్డ విప్పి కాలు చూపించమనండి. వస్తానంటే అప్పుడే ఆటో ఎక్కించండి, ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి క్యాజువాలిటీకి వెళ్ళండి. రాను అంటే బతిమాలకండి, వచ్చే ఆదివారం ఇదే చోటికి ఎనిమిదింటికి వస్తా అని చెప్పి, మీ నంబర్ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టి వచ్చెయ్యండి. వచ్చే ఆదివారం ఎనిమిదింటికి అక్కడుండండి.